వద్దన్నవాడి సూపు

సిరిల్ ఒజెరోఫ్ చేత సూపు కొనిపించుకోవడం ఏమంత కష్టమైన పని కాదు. శనివారం పొద్దున్నే ఆయనతో కొండ అడుగుకు వెళ్ళి, స్కీలు తొడుక్కుని, "వద్దు" అని ఒక్క మాట అంటే చాలు. అందరూ ఉన్నపళంగా వెనక్కి తిరగాల్సిందే. ఎందుకని అడక్కూడదు. అక్కడా అడక్కూడదు, ట్రక్కులోనూ అడక్కూడదు, ఊళ్ళోకొచ్చి ఫెన్యా హోటల్లో కూర్చున్నాక కూడా అడక్కూడదు. పైగా వద్దన్న మనిషికి మిగతావాళ్ళు సూపు కొనిపెట్టాలి. ఆ రూలు పెట్టింది సిరిలే. ముప్పయ్యేళ్ళుగా మంచుకొండల మధ్య ఉన్న ఆ స్లోకాన్ లోయలో ఆయన వెంట కొండెక్కిన వాళ్ళెవరూ దాన్ని దాటలేదు.

రూలు వెనక ఒక చావు ఉంది. సిరిల్ కుర్రాడిగా ఉన్నప్పుడు తనతో కలిపి ఐదుగురు స్నేహితులు ఒక శిఖరానికి బయల్దేరారు. ముందురోజంతా గాలి వీచి మంచును ఒక పక్కకు పోగేసింది. అందరికీ లోపల పీకుతూనే ఉంది. నోరు తెరిస్తే పిరికిపంద అంటారేమోనని ఎవడికి వాడు ఊరుకున్నాడు. మంచు చరియ విరిగి గోర్డీ అనేవాణ్ణి తీసుకుపోయింది. "ఐదుగురం వద్దనుకున్నాం, ఐదుగురం వెళ్ళాం" అని సిరిల్ ఒకే ఒక్కసారి, తన వెంట కొండెక్కే మావిస్‌తో అన్నాడు. అంతకుమించి ఆ కథ ఆయన నోట రాలేదు.

మావిస్ ఆ లోయకు వచ్చిన కొత్తలో, హైవే మీద మంచు తోసే బండి నడిపే ఉద్యోగం తప్ప ఆమెకు ఏదీ లేదు. మొగుణ్ణి వదిలేసి వచ్చింది. ఊళ్ళో పలకరించే దిక్కులేదు. ఒకరోజు పెట్రోలు బంకు దగ్గర ఓ పొడుగాటి మనిషి, మోచేతుల దగ్గర రఫూ చేసిన ఉన్ని స్వెట్టరు వేసుకున్నవాడు, ఆమె బండిని తేరిపార చూసి, "రోజూ మంచును తిట్టుకుంటూ తోస్తున్నావు. ఒకరోజు దాని మీద నడిచి చూడు, కోపం పోతుంది" అన్నాడు. అలా ఆమె మొదటి శనివారం వెళ్ళింది. అద్దెకు తెచ్చుకున్న స్కీల మీద నిలబడి, తల ఎత్తి ఆ తెల్లటి కొండను చూసేసరికి గుండె జారిపోయింది. "నా వల్ల కాదు, వద్దు" అంది. ఉక్కుముక్కల్లాంటి మగవాళ్ళు ఇద్దరున్నారు పక్కన. సిరిల్ వాళ్ళ వైపైనా చూడకుండా వంగి స్కీలు విప్పేశాడు. హోటల్లో ఆమె ముందు మీగడ తేలే బోర్ష్ సూపు గిన్నె పెట్టించాడు. ఎందుకు వద్దన్నావని ఒక్కరూ అడగలేదు. తన భయాన్ని ఎగతాళి చేయని మనుషుల మధ్య కూర్చోవడం మావిస్‌కు అదే మొదలు. ఆ వచ్చే శనివారం ఆమె కొండెక్కింది. ఇక మానలేదు.

సిరిల్ కలప కోతమిల్లులో రంపాలకు పదును పెట్టేవాడు. ఆ పని ఓపికస్తులది. కొండ మీదా అదే ఓపిక. స్కీల అడుగున అంటించుకునే నూగుపట్టీలున్నాయి చూడండి, వాళ్ళు తోళ్ళంటారు, అవి ముందుకు జారనిస్తాయి, వెనక్కి జారనివ్వవు. వాటి బలం చూసుకుని కుర్రకారు నిట్టనిలువునా ఎక్కుతారు. సిరిల్ వేసే దారి అలా ఉండదు. కొండ పక్కల్ని నిమురుతున్నట్టు మలుపులు తిరుగుతూ పోతుంది. "మాట్లాడుకుంటూ ఎక్కలేని దారి దారే కాదు" అనేవాడు. ఆయన వెనక నడిచేవాళ్ళు పిల్లల చదువులూ మోకాళ్ళ నొప్పులూ ముచ్చటించుకుంటూనే పైకి చేరిపోయేవారు. వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఆ దారి చూసి, "ఇవాళ ఒజెరోఫ్ వెళ్ళాడు పైకి" అని గుర్తుపట్టేవారు. పైకి చేరాక సంచిలోంచి నల్లరొట్టె, ఉడికించిన బంగాళాదుంప, ఒక వెల్లుల్లి తీసి నలుగురికీ పంచేవాడు. మాంసం ముట్టని వంశం వాళ్ళది. తుపాకీ కూడా ముట్టరు.

ఆయన చుట్టూ చేరినవాళ్ళలో చివరికి మిగిలింది ముగ్గురు. మావిస్ ఒకతె. రెండోవాడు రస్, కరెంటు పనిచేస్తాడు, నోటికి తాళం లేదు. మూడోవాడు టాక్ నిషియామా, పళ్ళ డాక్టరు. మనుషుల నోళ్ళు తెరిపించి తెరిపించి విసుగెత్తాడేమో, తను మాత్రం నోరు తెరవడు. పర్సు మరిచిపోయినప్పుడల్లా రస్‌కు మంచు మీద అనుమానం వస్తుందని అందరికీ తెలుసు. అడగడానికి రూలు ఒప్పుకోదు.

"ఇవాళ వద్దు గురూ. ఎందుకో మనసు కీడు శంకిస్తోంది" అనేవాడు రస్ పొట్ట నిమురుకుంటూ.

"కీడు శంకించేది మనసో కడుపో దేవుడికే తెలియాలి" అని మావిస్ గొణిగేది.

"అడక్కూడదు పిల్లా" అని సిరిల్ నవ్వుతూ తోళ్ళు ఊడదీసేవాడు. "వెయ్యిసార్లు సూపుకోసం అన్నా ఫర్వాలేదు. వెయ్యిన్నొకటోసారి నిజం చెప్పడానికి వాడు సిగ్గుపడకూడదు."

కొండెక్కే ముందు ఇంకో తంతు ఉంది. ఒక్కొక్కరూ గుండెల మీద బీకన్ కట్టుకుంటారు. చేతిలో పట్టేంత పెట్టె. దానికి పంపే పని ఒకటి, వినే పని ఒకటి. రోజంతా అది మనిషి జాడను పంపుతూనే ఉంటుంది. ఎవరైనా మంచు కింద పూడిపోతే, పైనున్నవాళ్ళు తమ పెట్టెల్ని వినేవైపు తిప్పి, ఆ కూత పట్టుకుని వెతికి, పారలతో తవ్వి తీయాలి. బయటినుంచి ఎవరో వచ్చి కాపాడేదాకా ఊపిరి నిలవదు. పక్కనున్నవాడే దేవుడు. అందుకని బయల్దేరే చోట సిరిల్ నాలుగడుగులు ముందుకు పోయి, తన పెట్టెను వినేవైపు తిప్పి నిలబడేవాడు. ఒక్కొక్కరే ఎడంగా ఆయన ముందునుంచి వెళ్ళాలి. పెట్టె కూసినప్పుడల్లా అమ్మమ్మ నేర్పిన రష్యన్‌లో లెక్కపెట్టేవాడు. మావిస్ ఒకటి, రస్ రెండు, టాక్ మూడు. ఆ తర్వాత తన పెట్టెను మళ్ళీ పంపేవైపు తిప్పుకుని, ముందు పెట్టెను వినేవైపు తిప్పి నిలబడ్డ మావిస్ పక్కనుంచి వెళ్ళేవాడు. ఆమె పెట్టె కూసేది. "నాలుగు" అని తన లెక్క తనే చెప్పుకుని, అప్పుడు కదలమనేవాడు. నాలుగూ వినబడనిదే ఎవరూ అడుగు వేయడానికి వీల్లేదు.

సిరిల్ మారిపోతున్న సంగతి మావిస్‌కు మొదట దారిలోనే తెలిసింది. ఒక ఏడాది మొదటి మంచుకే సిరిల్ వేసిన దారి దేవదారు చెట్ల చుట్టూ తిరిగి తిరిగి, మళ్ళీ మొదటి మలుపు దగ్గరికే వచ్చి కలిసింది. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి.

"ఏంటి గురూ, గుడి చుట్టూ ప్రదక్షిణమా?" అన్నాడు రస్.

సిరిల్ తన అడుగుజాడల్ని తనే చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. "కిందనుంచి ఎవరో ముందే వచ్చినట్టున్నారు" అన్నాడు. అందరూ నవ్వేశారు. ఆయన నవ్వలేదు.

తర్వాత చెప్పిన కథే మళ్ళీ చెప్పడం, చేతికి తొడుక్కున్న గ్లౌజు కోసం సంచంతా గాలించడం మొదలైంది. వయసన్నాక మామూలేగా అని సర్దుకున్నారు. మనకు కావలసినవాళ్ళ విషయంలో కళ్ళుండీ గుడ్డివాళ్ళం కావడం ఎంత తేలికో! జనవరి చివర్లో ఆ సర్దుబాటు తెగిపోయింది.

పైనుంచి దిగే దారిలో ఏటవాలు పక్క ఒకటుంది. ఎన్నేళ్ళ నేర్పున్నా అక్కడ ఒక్కొక్కరే దాటాలి. మిగతావాళ్ళు చెట్ల చాటున నిలబడి, దాటేవాళ్ళ మీద కన్ను వేసి ఉంచుతారు. చరియ విరిగితే ఒక్కరే పోతారు, వెతకడానికి మిగతావాళ్ళుంటారు. రస్, టాక్ దాటి అవతల చెట్లలోకి చేరారు. సిరిల్ వెళ్ళాడు. సరిగ్గా నడిమధ్యకు వెళ్ళి ఆగిపోయాడు. సంచి దించాడు. దాని మీద కూర్చుని, థర్మాస్ మూత తీసి టీ ఒంపుకున్నాడు.

"సిరిల్!" అని అరిచింది మావిస్. "కదులు! కదులు అక్కణ్ణుంచి!"

"ఎండ బాగుంది ఇక్కడ" అని ఆయన చేయి ఊపాడు. "రండి అందరూ. రొట్టె ఉంది."

అవతలినుంచి రస్ అరుస్తున్నాడు. ఈసారి ఆ గొంతులో వేళాకోళం లేదు. మావిస్ తలెత్తి చూసింది. ఆ వాలు తలమీద గాలి పోగేసిన మంచు గడ్డకట్టి వేలాడుతోంది. వెళ్తే ఇద్దరి బరువు. వెళ్ళకపోతే ఆయన అక్కడే కూర్చుంటాడు. ముప్పయ్యేళ్ళలో మొదటిసారి ఆమె ఒకరుండగా ఆ వాలు మీదికి అడుగుపెట్టింది. మెల్లగా ఆయన దగ్గరికి చేరి, "టీ అవతల తాగుదాం, అక్కడ ఇంకా ఎండ" అంది. చిన్నపిల్లాడిలా లేచాడు. దాటే దారంతా ఆమె కొండ తలవైపు చూడలేదు. చూసి చేసేదేమీ లేదు కనక.

ఆయన్ని ఇంటి దగ్గర దింపి ముగ్గురూ ట్రక్కులో బయల్దేరారు. ఊరి వంతెన దాటాక టాక్ నోరు విప్పాడు.

"నాకొకటి చెప్పండి. నేను పూడిపోయి, పైన సిరిల్ ఒక్కడే మిగిలాడనుకోండి. తీస్తాడా?"

రస్ స్టీరింగు వైపే చూస్తున్నాడు. "నాకు స్కీయింగ్ నేర్పినవాడయ్యా ఆయన" అన్నాడు.

"నేనడిగింది అది కాదు."

"తీయలేడు" అంది మావిస్. అన్నాక ఏడుపొచ్చింది.

"చెప్పాలి మరి. పాము చావకుండా కర్ర విరక్కుండా అంటే కుదరదు. మావిస్, నువ్వు చెప్తేనే వింటాడు" అన్నాడు రస్.

మంచి పనులకు మగవాళ్ళు ముందుంటారు, చెడ్డ కబురు మోయడానికి మాత్రం ఆడమనిషి కావాలి. ఆ మాట మావిస్ మనసులోనే అనుకుంది. వాళ్ళను తప్పుపట్టే ఓపిక కూడా లేకపోయింది.

మర్నాడు ఇంటికి వెళ్తే సిరిల్ కొట్టంలో ఉన్నాడు. లూషా వంటింట్లో పిండి పిసుకుతోంది. ఆ మనిషి మొగుడి స్వెట్టర్లకు రఫూ చేసి చేసి వేళ్ళు వంకర్లు పోయిన ఇల్లాలు. మావిస్ మొహం చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

"ఆపేద్దామని వచ్చావు."

"నిన్న ఏం జరిగిందో తెలుసా లూషా?"

"ఆయన చెప్పడుగా. కానీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఈలవేస్తున్నాడు." పిండి మీంచి చేతులు తీయలేదు. "బుధవారం నుంచే స్కీలకు మైనం రాస్తూ కూర్చుంటాడు తల్లీ. మిగతా రోజుల్లో నా పేరు కోసం వెతుక్కుంటాడు. శనివారం పొద్దున మాత్రం, 'లూషా, రొట్టె కట్టావా?' అంటాడు. అంత స్పష్టంగా. నలభయ్యేడేళ్ళ కాపురంలో ఇప్పుడు నాకు మిగిలింది ఆ ఒక్క పిలుపు. దాన్ని లాక్కుంటావా?"

మావిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒక్కోసారి అనుకుంటాను, పోతే అక్కడే పోనీ అని. ఇంట్లో ముక్కముక్కగా పోయే బదులు" అంది లూషా. "పాపపు మాటే. అయినా అనుకుంటాను."

"ఆయనొక్కడే పోడు లూషా. ఆయన్ని తేవడానికి దిగినవాళ్ళూ పోతారు. నిన్న నేను దిగాను."

లూషా చేతులు ఆగిపోయాయి. కిటికీలోంచి కొట్టం వైపు చూసింది. అక్కణ్ణుంచి వేడి ఇస్త్రీపెట్టెతో మైనం కరిగిస్తున్న వాసన వస్తోంది.

"అయితే నువ్వే చెప్పు" అంది చివరికి. "నా చేత మాత్రం చెప్పించకు."

మావిస్ కొట్టంలోకి వెళ్ళింది. ఆయన ఆమెను చూసి వెలిగిపోయాడు. "రా పిల్లా! శనివారం అమ్మమ్మ ఒడికి పోదామా? పైనుంచి కింది దాకా మెత్తగా ఉంటుంది." ఆమె రాత్రంతా కూడగట్టుకున్న మాటలన్నీ నోట్లోనే చచ్చిపోయాయి. "పోదాం" అని వచ్చేసింది.

శనివారం ఆకాశంలో మబ్బు తునక లేదు. ముందురాత్రి పడ్డ మంచు అడుగు మందాన, పొడిపొడిగా, ఎవరూ తొక్కకుండా ఉంది. అమ్మమ్మ ఒడి అనే ఆ పల్లపు మైదానం పసిపిల్లలకు కూడా ప్రమాదం లేని చోటు. ఈ ఒక్కసారికి ఏం కాదులే అని మావిస్ తనకు తాను నచ్చజెప్పుకుంది. సిరిల్ ఎప్పటిలా ముందుకు పోయి నిలబడ్డాడు. ఆమె పెట్టె కూత విని ఒకటన్నాడు. రస్ రెండు, టాక్ మూడు. మావిస్ తన పెట్టెను వినేవైపు తిప్పి చేత్తో పట్టుకుంది. సిరిల్ కూనిరాగం తీస్తూ ఆమె పక్కనుంచి వెళ్ళాడు.

పెట్టె కూయలేదు.

ఆయన తన బీకన్‌ను మళ్ళీ పంపేవైపు తిప్పుకోవడం మరిచిపోయాడు. ఆ క్షణాన ఆయన మంచు కిందికి పోతే, ఈ లోకంలో ఎవరికీ వినబడడు. అవతల నిలబడి, "నాలుగు" అని తన లెక్క తనే గట్టిగా చెప్పి, చేయి ఊపాడు.

"వద్దు" అంది మావిస్.

రస్ గిర్రున తిరిగాడు. "ఇంత మంచి మంచు పెట్టుకుని ఎందు..."

"ఒరేయ్!" సిరిల్ గొంతు ఖంగుమంది. "నోరు ముయ్యి. అడక్కూడదు."

అంతటితో వంగి స్కీలు విప్పాడు. ఆకాశం వైపు ఒకసారి, ఆ తొక్కని మంచు వైపు ఒకసారి చూశాడు. తర్వాత మావిస్ వైపు చూశాడు. హోటల్లో ఆమె ముందు గిన్నె పెట్టించి, పైన మీగడ తనే వేశాడు. ఆమె చెంచా ఎత్తలేదు. తను పెట్టిన రూలుకు తనే కట్టుబడి ఆయన ఎదురుగా కూర్చున్నాడు, ఆమె ఆ రూలును ఆయన మీదికే కత్తిలా వాడింది. అలాగని నిజం చెప్పే ధైర్యమూ లేదు.

ఆపై శనివారమూ మావిస్ వద్దంది. ఆ తర్వాత శనివారమూ వద్దంది. రెండుసార్లూ ఆయన సూపు కొన్నాడు. మూడో శనివారం రస్, టాక్ బయట ట్రక్కు అద్దాల మీద మంచు గీకుతుంటే, సిరిల్ బల్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగాడు. ఆ పూట ఆయన కళ్ళు తేటగా ఉన్నాయి.

"అడక్కూడదు, అడగను" అన్నాడు. "నీ మొదటిరోజు కూడా అడగలేదు. గుర్తుందా?"

"గుర్తుంది."

"నీ పెట్టె కూయలేదు కదూ, ఆరోజు?"

మావిస్ అవునన్నట్టు తలూపింది.

"ఇంటికెళ్ళి చూసుకున్నాను. వినేవైపే ఉంది. ఎప్పుడు వదిలేశానో తెలియదు." చెంచాతో గిన్నె అడుగు గీశాడు. "మొన్న ఒకరోజు మిల్లుకు బయల్దేరాను మావిస్. రిటైరై ఎన్నేళ్ళయిందో లూషా చెప్పింది. పోయేది నా ఒక్కడి బుర్రే అయితే నేనూ తప్పించుకు తిరిగేవాణ్ణి. మీ ముగ్గురి ప్రాణాలూ నా గుండెల మీద కట్టుకుని తిరగడం..." ఆపేశాడు. "వచ్చే శనివారం నేను వద్దంటాను. నువ్వు సూపు కొను."

"సిరిల్..."

"రూలు పెట్టింది నేను, మార్చేది కూడా నేనే. నా వద్దు నా ఒక్కడికే. మీరు ముగ్గురూ వెళ్ళండి. వెళ్ళి వచ్చి, మంచు ఎలా ఉందో చెప్పండి."

మావిస్ బల్ల మీద తలవాల్చి, హోటలంతా వింటుండగా ఏడ్చేసింది. ఫెన్యా వచ్చి ఏమైందని అడగబోతే సిరిల్ వేలు అడ్డంగా ఊపాడు. "అడక్కూడదమ్మా" అన్నాడు.

అయినా ఆయన్ని పూర్తిగా వదిలేయలేదు. ఆ మరుసటి చలికాలం లూషాయే కారు నడుపుకుంటూ ఆయన్ని కొండ కిందిదాకా తెచ్చేది. సిరిల్ ఎప్పటి చోటే నిలబడి, పెట్టె పట్టుకుని, ముగ్గుర్నీ దాటించేవాడు. మూడు కూతలూ విని, "వెళ్ళి రండి" అని చేయి ఊపేవాడు. లూషా ఆయన్ని హోటలుకు తీసుకుపోయేది. సాయంత్రం వీళ్ళు దిగి వచ్చి మంచు సంగతులు చెప్తే కళ్ళు మూసుకుని వినేవాడు. ఒక్కోసారి రస్ పేరు టాక్‌కు, టాక్ పేరు రస్‌కు పెట్టేవాడు.

"పర్లేదు గురూ, వారం రోజులు పళ్ళు నేను పీకుతాను, కరెంటు పని టాక్ చూసుకుంటాడు" అనేవాడు రస్. ఆయన నవ్వేవాడు. దేనికి నవ్వుతున్నాడో తెలియని నవ్వు. అలా ఆ చలికాలం చాలావరకు గడిచింది.

మార్చిలో ఒక శనివారం, పెట్టె కూయని ఆరోజులాంటి ఎండే, అలాంటి మంచే. సిరిల్ స్వెట్టరు గుండీలు ఎగుడు దిగుడుగా పెట్టుకున్నాడు. లూషా కారులోంచి చూస్తూ కూర్చుంది. మావిస్ వెళ్ళింది. ఆయన ఒకటన్నాడు. రస్ వెళ్ళాడు. టాక్ వెళ్ళాడు. మూడన్నాడు. పెట్టె మాత్రం దించలేదు. చేయీ ఊపలేదు.

"వెళ్ళొస్తాం సిరిల్" అంది మావిస్.

"ఆగండి. ఇంకొకడు రావాలి."

"ఎవరు?"

"అదే, ఆ పొడుగాటివాడు." ఆయన కార్లు ఆపిన చోటు వైపే చూస్తున్నాడు. "ఎప్పుడూ ఆఖర్న వస్తాడు. ముసలాడు. రొట్టె వాడి సంచిలోనే ఉంటుంది. వాడు రానిదే ఎవరూ కదలడానికి వీల్లేదు."

రస్ ఏదో హాస్యం ఆడబోయి, వంగి స్కీలు సర్దుకున్నాడు. టాక్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. లూషా కారు తలుపు తీసి, ఒక కాలు బయటపెట్టి, అలాగే ఉండిపోయింది. ఆ పెట్టె ఆయన చేతుల్లో రాని మనిషి కోసం ముందుకు చాచి ఉంది. చలికి వేళ్ళు ఎర్రబడ్డాయి.

మావిస్ స్కీలు జార్చుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది. ఆ చేతుల మీద చెయ్యి వేసింది.

"వాడు రాడు సిరిల్. వాడు వద్దన్నాడు."

అది అబద్ధం కాదు. ఈ మాట చెప్పడానికి ఆమెకు అదొక్కటే బలమిచ్చింది.

"వద్దన్నాడా?" సిరిల్ ఆమె వైపు తిరిగాడు. "ఎందుకని మీరెవరూ అడగలేదు కదా?"

"అడగలేదు."

"మంచిది. అడక్కూడదు." పెట్టె మెల్లగా దించాడు. పాత రూలు ఆయనకు పొల్లుపోకుండా గుర్తుంది. తను మార్చింది మాత్రం గుర్తులేదు. "అయితే ఏంటలా నిలబడ్డారు? విప్పండి స్కీలు. వాడికి సూపు కొనాలి."

ముగ్గురూ మారుమాట్లాడకుండా స్కీలు విప్పారు. వాళ్ళ వెనక అమ్మమ్మ ఒడి అడుగు ముద్ర లేకుండా మెరుస్తోంది.

ఫెన్యా హోటల్లో మావిస్ సూపు చెప్పింది. గిన్నె తెచ్చి సిరిల్ ముందు పెడితే, ఆయన దాన్ని జాగ్రత్తగా పక్కన ఖాళీ కుర్చీ ముందుకు జరిపాడు. మీగడ తనే వేశాడు. "తాగు సిరిల్, నీదే" అంటే తల అడ్డంగా ఊపాడు.

"వాడు సిగ్గుపడుతున్నాడేమో" అన్నాడు. "రానీ. ఎవరూ ఏమీ అనకండి."

తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తి చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ లేవలేదు. ఆ గిన్నె చల్లారిపోతుంటే లూషా రెండుసార్లు లోపలికి పట్టుకెళ్ళి వేడి చేయించి తెచ్చింది.